ఇంటికప్పుమీది ఒంటిపిట్ట ఏది?

పాఠము: కీర్తన 102. దీనితోకూడ చదువవలసినవి: కీర్తన 11:1, కీర్తన 84:3, ఆదికాండము 2:18–20, ద్వితీయోపదేశకాండము 22:6–8, హెబ్రీయులకు 1:10–12.



102వ కీర్తన బలముడిగిన ఒక బాధితుడు దేవుని యెదుట చేసిన ప్రార్థన. మన సంఘములలో దీనిని రోగి మంచమునొద్దను, మరణము జరిగిన యింటను ఎక్కువగా చదువుదుము. మొదటి పదకొండు వచనములలో ఆ భక్తుడు తన స్థితిని తెలుపుటకు కంటికి కనబడు సంగతులనే తెచ్చుకొనుచున్నాడు: పొగ, నిప్పు, వాడిన గడ్డి, సాయంకాలపు నీడ. వాటి నడుమ 6, 7 వచనములలో మూడు పక్షులున్నవి. మొదటి రెంటిని మన తెలుగు బైబిలు గూడబాతు, పగిడికంటె అనుచున్నది. మూడవదానిని పిచ్చుక అనుచున్నది. ఈ మాసపు పాఠము ఆ మూడవ పక్షిని గూర్చినది.

పిట్ట పేరు తెలిసినందున రక్షణ కలుగునా అని అడుగువారుందురు. కలుగదు. అయినను ఆదాము చేతికి దేవుడు అప్పగించిన తొలి పనులలో ఒకటి జంతువులకును పక్షులకును పేరు పెట్టుట. సొలొమోను పక్షులనుగూర్చి ప్రసంగించెనని 1 రాజులు 4:33 చెప్పుచున్నది. మన ప్రభువు శిష్యులకు చింత మాన్పుటకు చూపినది ఆకాశపక్షులనే. చూడుమని ఆయన చెప్పినదానిని చూడక దాటిపోవుట మనకు తగదు. పైగా, ఈ ఒక్క పిట్ట ఏదో తెలియనందున ఒక స్త్రీ తన యింటిని విడువవలసిన స్థితికి వచ్చుట నేను ఎరుగుదును. ఆ సంగతి ముందు చెప్పుదును.

పిచ్చుక మనకు క్రొత్త కాదు. చూరులోను దూలము సందులోను గడ్డిపోచలు కూర్చి గూడు పెట్టును. వరికంకుల కుచ్చు వసారాలో వ్రేలాడదీసినచో అర్ధఘడియలో పదియైనను చేరి పోట్లాడుకొనును. దుమ్ములో కలిసి పొర్లును, ప్రొద్దు గ్రుంకగానే ఒకే పొదలో గుంపుగా దూరి గోలచేయును. స్లాబు ఇండ్లు వచ్చి చూరులు పోయిన తరువాత చాల చోట్ల పిచ్చుకలు తగ్గినవి గాని, వాటి గుణము మారలేదు. ఒంటరితనమునకు సాదృశ్యము కావలసిన మనుష్యుడు గుంపు విడువని ఈ పిట్టను ఏల తీసికొనును? ఈ ప్రశ్న పండితులకు మాత్రమే కాదు, గొడ్లు కాయు పిల్లవానికిని తోచును. ఒక సండేస్కూలులో తోచినది కూడను.

గత శతాబ్దమునకు ముందటి శతాబ్దములో ఇద్దరు దైవసేవకులు దీనికి రెండు జవాబులిచ్చిరి. ఇద్దరును పలస్తీనా దేశమును కాలినడకను, గుఱ్ఱముమీదను తిరిగి కన్నులార చూచినవారే. ఒకడు సిరియా దేశమందు మిషనెరీగా చాలకాలము పనిచేసిన అమెరికా దేశస్థుడు విలియం థాంసన్. ఆయన 1859లో ప్రచురించిన గ్రంథములో ఇది పిచ్చుకయే యనియు, జంటను పోగొట్టుకొన్న పిచ్చుక యింటికప్పుమీద ఒక్కటే కూర్చుండి చాలసేపు దుఃఖించుననియు వ్రాసెను. రెండవవాడు తరువాత డర్హాము మహాదేవాలయమున కానన్‌గా నుండిన ఆంగ్లేయ గురువు హెన్రీ బేకర్ ట్రిస్ట్రామ్. ఈయన 1822లో పుట్టి 1906లో నిద్రించెను. బైబిలులోని జంతువులను, పక్షులను, చెట్లను గూర్చి ఈయన వ్రాసిన గ్రంథము 1867లో వెలువడెను. ఆయన అభిప్రాయము వేరు. ఇది పిచ్చుక కాదు, స్వభావముచేతనే ఒంటిగా సంచరించుచు కొండబండలమీదను పాత కట్టడములమీదను కూర్చుండు నీలిరంగు పిట్ట యని ఆయన తలంచెను. ఇంగ్లీషులో దానిని బ్లూ రాక్ థ్రష్ అందురు. ఈ పాఠములో మనము దానిని నీలి బండపిట్ట అందము.

ఎవరి మాట వినవలెను? మొదట మూలభాషలోని మాటను చూడుడి. హెబ్రీలో ఇక్కడ నున్నది "సిప్పోర్". ఇది ఒక్క జాతికి పేరు కాదు. చిన్న పక్షి దేనికైనను చెల్లును, కొన్నిచోట్ల పక్షిజాతి అంతటికిని చెల్లును. పాత నిబంధనలో ఈ మాట సుమారు 40 మారులు వచ్చుచున్నది. మోషే భార్యయైన సిప్పోరా పేరును, మోయాబు రాజైన బాలాకు తండ్రి సిప్పోరు పేరును దీనికి సంబంధించినవే. కీర్తన 11:1లో కొండకు పారిపొమ్మని బెదరించువారు భక్తుని పోల్చినది సిప్పోర్‌తోనే, అక్కడ మన అనువాదకులు పక్షి అనిరి. కుష్ఠరోగి శుద్ధికొరకు తెచ్చు రెండు పక్షులును, ద్వితీయోపదేశకాండము 22లో గూటిలోనున్న తల్లిపక్షియు అదే మాట. కీర్తన 84:3లోను 102:7లోను పిచ్చుక అని వ్రాసిరి. 84వ కీర్తనలో అది చక్కగా అమరును. యేలయనగా అక్కడి పక్షి దేవుని మందిరపు సందులలో నివాసము దొరకించుకొన్నది, పిచ్చుక చేయు పని అదే. 102వ కీర్తనలోని పక్షికి గూడు లేదు, జత లేదు, తోడు లేదు.

ఇందునుబట్టి మన తెలుగు బైబిలు తప్పని ఎవరును అనకుడి. అది తొందరపాటు. క్రీ.శ. 386 మొదలుకొని 420లో చనిపోవువరకు బేత్లెహేములో నివసించిన జెరోము పండితుడు కీర్తనలను లాటిను భాషలోనికి గ్రీకునుండి ఒకమారును, హెబ్రీనుండి మరియొకమారును తెచ్చెను. గ్రీకునుండి తెచ్చినదానిలో ఈ చోట పిచ్చుక అని వ్రాసెను, హెబ్రీనుండి తెచ్చినదానిలో పక్షి అని వ్రాసెను. ఒకే మనుష్యుడు రెండు విధములుగా వ్రాసినప్పుడు మాటకు ఆ రెండు అర్థములకును చోటున్నదని గ్రహింపవలెను. ఆ లాటిను పిచ్చుక మాట మరియొక దారిని కూడ పోయినది. ఇటలీ దేశస్థులు నేటికిని నీలి బండపిట్టను తమ భాషలో "ఒంటి పిచ్చుక" అను అర్థమిచ్చు పేరుతోనే పిలుతురు. 1758లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయసు దీనికిచ్చిన "సోలిటేరియస్" అను పేరునకు అర్థము ఒంటిది. తరువాతివారు దానికి ముందు చేర్చిన "మాంటికోలా" అనగా కొండయందు కాపురముండునది. పేరు విన్నవారికి సగము పాఠము అక్కడనే అయిపోవును.

ఇక పిట్టను చూతము. దానిని చూచుటకు పలస్తీనాకు పోనక్కరలేదు. అది స్పెయిను, మొరాకో దేశములు మొదలుకొని జపాను వరకు కొండసీమలలో నివసించును. పలస్తీనా కొండలలో గూడు కట్టుకొనునవియు కలవు, చలికాలమునకు వచ్చిపోవునవియు కలవు. అపొస్తలుడైన పౌలు ఓడ పగిలి చేరిన మెలితే ద్వీపము, అనగా నేటి మాల్టా దేశము, దీనినే తన జాతీయ పక్షిగా పెట్టుకొన్నది. 2008లో ఆ దేశము యూరో నాణెములకు మారకముందు దాని ఒక పౌను నాణెముమీద ఈ పిట్ట బొమ్మయే యుండెడిది. మన దేశమునకు వచ్చునవి హిమాలయ పర్వతముల రాతిచరియలలో వేసవియందు పిల్లలు చేసి, సెప్టెంబరు అక్టోబరు మాసములలో దక్షిణమునకు దిగి, ఏప్రిలు నాటికి తిరిగి పోవును. రాళ్లగుట్టలు, రాయి కొట్టిన గుంటలు, పాడుబడిన కోటగోడలు, ఎత్తైన గోపురములు, ఊరి అంచున ఒంటిగా నిలిచిన మేడలు దానికి ఇష్టము. తమ కాలము నెరిగి వచ్చిపోవు పక్షులను యిర్మీయా 8:7లో ప్రవక్త చూపుచున్నాడు గదా. మన గుట్టలమీదికి ఏటేట వచ్చు ఈ అతిథిని ఆ వరుసలో చేర్చుకొనవచ్చును.

పొడవు జానెడు. పిచ్చుకకంటె చాల పెద్దది, గోరింకకంటె కొంచెము చిన్నది, సన్నని దేహము. ముక్కు పొడుగుగా, సన్నగా, నల్లగా నుండును. గింజలు తిను పిచ్చుక ముక్కు పొట్టిగా లావుగా నుండును గనుక, ఈ ఒక్క గుర్తుచేతనే రెంటిని వేరుచేయవచ్చును. మగదాని ఒళ్లంతయు మసక నీలము, రెక్కలును తోకయు ఇంకను నలుపు. దూరమునుండియు, మబ్బు దినమందును నల్లపిట్టవలెనే కనబడును. ప్రొద్దుటి ఎండ ప్రక్కనుండి తగిలినప్పుడు మాత్రము ఉతికి ఉతికి వెలిసిన నీలిగుడ్డవంటి రంగు తేలును. చలికాలమందు దాని యీకల అంచులు తెల్లబారి ఒంటిమీద పొలుసులున్నట్లు అగపడును. ఆడదానికి నీలము దాదాపు లేదు. వీపు బూడిద కలసిన గోధుమరంగు, రొమ్మును కడుపును నిండ చిన్న చిన్న అడ్డచారలు. ఆడదానిని చూచి వేరొక జాతి యనుకొనువారే ఎక్కువ.

రంగుకంటె నడవడి నమ్మదగినది. ఇది బండకొననో గోడ అంచునో నిటారుగా కూర్చుండి క్రిందికి చూచుచుండును. ఉండియుండి ఒక్కమారు చటుక్కున వంగి లేచును, పెద్దలకు దండము పెట్టి మరల నిలిచినట్లు. మిడతయో చీమయో చిన్న బల్లియో కనబడగానే నేలకు దుమికి పట్టుకొని తిరిగి ఆ చోటికే వచ్చును. చిన్న పండ్లును తినును. గూడు పెట్టు కాలమున మగది బండమీదనుండి పిల్లనగ్రోవివంటి స్వరముతో పాడును గాని, మన యొద్దకు వచ్చిన దినములలో చాలవరకు మౌనముగానే యుండును. అన్నిటికంటె ముఖ్యమైనది, రెండు పిట్టలు కలిసి కూర్చుండవు. ఆడది గాని మగది గాని చలికాలమంతయు తనకొక హద్దు ఏర్పరచుకొని, తన జాతిదే మరియొకటి అందులోనికి వచ్చినచో తరిమివేయును.

పొరపడుటకు అవకాశమున్న పిట్టలు కొన్ని కలవు. మన నల్లంచి బండలమీదనే తిరుగును, మగది నల్లగానే యుండును. కాని అది చిన్నది, తోక ఎప్పుడును పైకెత్తి పెట్టును, తోకక్రింద ఎఱుపు, రెక్కమీద తెల్లమచ్చ. పెద్ద నల్లంచికి కడుపు తెలుపు. చలికాలమందే వచ్చు బ్లాక్ రెడ్‌స్టార్ట్ అను పిట్టకు ఇటుకరంగు తోక, దానిని వణకించుచునే యుండును. ఇవన్నియు నీలి బండపిట్టకు చుట్టములే. పూర్వము పండితులు బండపిట్టలను వేరొక కుటుంబములో పెట్టిరి గాని, జన్యువులను పరీక్షించిన తరువాత ఈగలను పట్టు పిట్టల కుటుంబములో, అనగా నల్లంచి యున్న కుటుంబములోనే చేర్చియున్నారు.

దీనికి మరింత దగ్గర బంధువు ఒకటి కలదు, దానిని కొంచెము నిలిచి చూడవలెను. ఇంగ్లీషులో బ్లూ-క్యాప్డ్ రాక్ థ్రష్ అందురు, నీలితల బండపిట్ట అనవచ్చును. ఇది హిమాలయపు వాలులలో చెట్లు ఒత్తుగా లేని దేవదారు, సింధూర వనములలో గూడు పెట్టి, చలికాలమునకు ముఖ్యముగా పడమటి కనుమల అడవులకు దిగును. మగదాని తలయు గొంతును నీలము, కడుపును నడుమును కావిరంగు కలసిన నారింజ, రెక్కమీద తెల్లమచ్చ. ఇది బండపిట్టయని పేరు గలిగినను చెట్టునీడ కోరునది. కొమ్మమీద కదలక కూర్చుండి ఆకులలోని పురుగుకొరకు నేలకు దిగును. కడుపున నారింజరంగు కనబడినచో మీరు చూచినది కీర్తనలోని పిట్ట కాదు. పలస్తీనా కొండల పిట్టయు కాదు. ఒకే పోలికగల అన్నదమ్ములలో ఒకడు తోటలోను ఒకడు బండమీదను కాపురమున్నట్లు దేవుడు వీటికి చోట్లు పంచిపెట్టెను.

ఇప్పుడు ఇంటికప్పు సంగతి. మన కోస్తా పల్లెలలోని తాటాకు ఇంటిని మనస్సులో పెట్టుకొని ఈ వచనమును చదివినచో అర్థము చెడును. కర్నూలు, అనంతపురము ప్రాంతముల మట్టిమిద్దెను తలంచుకొనుడి. యూదయ దేశపు ఇల్లు అట్టిదే. కప్పు చదును, దానికి పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22:8 ఆజ్ఞాపించుచున్నది. రాహాబు వేగులవారిని జనుపకట్టెలలో దాచినది మిద్దెమీదనే. పేతురు ప్రార్థన చేసినదియు అక్కడనే. రాతికొండలమీద రాళ్లతో కట్టిన ఊళ్లలో మిద్దె అంచు కొండబండకంటె వేరుగా నుండదు, బండమీద కూర్చుండు పిట్ట మిద్దెమీదికి వచ్చుట సహజము. అదే ద్వితీయోపదేశకాండము 22లో పిట్టగోడకు రెండు వచనములు ముందు, గూటిలోని తల్లిపక్షిని పట్టుకొనకూడదన్న ఆజ్ఞ యున్నది. దానిని ఉండేలు పట్టుకొను పిల్లలకు చదివి వినిపించుడి.

ముందు చెప్పెదనన్న సంగతి ఇది. గుట్ట ప్రక్కనున్న ఒక పల్లెలో మన సంఘస్థురాలి భర్త వర్షాకాలము చివర చనిపోయెను. మూడు వారములైన తరువాత ఆమె మిద్దె అంచున ఒక నల్లపిట్ట ప్రతి ఉదయము వచ్చి కూర్చుండ నారంభించెను. కూయదు, పాడదు, వంగి లేచి ఇంటి వాకిలివైపు చూచును. ఇరుగుపొరుగువారు అది శకునమనిరి. పైడికంటె అరచినచో ఇంటికి కీడని చెప్పుకొను ఊరిలో, పేరు తెలియని నల్లపిట్టకు ఇంకెంత భయపడుదురో మీరెరుగుదురు. ఆ యింటినుండి మరియొకరు పోవువరకు పిట్ట కదలదని ఒకరు, ఇల్లు మూసి ఆరు నెలలు వేరొకచోట ఉండవలెనని మరియొకరు చెప్పిరి. ఆమెకు వేరొకచోటు లేదు. ఆమె బావగారు మాత్రము ఇల్లు ఖాళీ చేయుట మంచిదని ఒకటికి రెండుసార్లు అనెను. పిట్టమీది భయము కొంత, ఇంటి స్థలముమీది ఆశ కొంత అని ఊరివారే అనుకొనిరి.

మేము ఉపదేశితో కలిసి ఉదయమున పోయితిమి. ప్రార్థనకు ముందు పదిమందిని వాకిట నిలువబెట్టి పిట్టను చూపించితిమి. ఎండ ఎక్కినకొలది నలుపు నీలమగుట అందరును చూచిరి. అది దిగి మిడతను పట్టుకొని మరల మిద్దె ఎక్కుట చూచిరి. మంచుకొండల వైపునుండి చలికి వచ్చినదనియు, ఎండలు ముదరకముందు పోవుననియు చెప్పితిని. అప్పుడు గుంపులోనున్న ఒక ముసలి గొఱ్ఱెలకాపరి, అతడు మన మతస్థుడు కాడు, "ఇది ప్రతి ఏడు మా గుట్టమీద ఉండేదే గదా, చలి పోతే ఇదీ పోద్ది" అనెను. నా మాటకంటె అతని మాట ఎక్కువ పనిచేసెను. తరువాత ద్వితీయోపదేశకాండము 18:10 చదివి, శకునములు చూచుట మనకు నిషేధమని చెప్పితిమి. ఇల్లు మూయలేదు.

అందరు వెళ్లినతరువాత ఆమె నన్నొక మాట అడిగెను. "అయ్యగారూ, దానికీ ఎవరూ లేరా?"

ఈ ప్రశ్నకు థాంసనుగారి జవాబు ఒకటి, ట్రిస్ట్రామ్‌గారి జవాబు ఒకటి. థాంసనుగారి ప్రకారము ఆ పిట్టయు విధవరాలే, దుఃఖములో దానికిని మనకును పాలున్నది. విన్నప్పుడు ఓదార్పుగా నుండును. ప్రసంగములలో దీనిని ఎక్కువగా వాడుటకు అదే కారణము. కాని నీలి బండపిట్టను చూచినవారు ఆ మాట చెప్పలేరు. అది దుఃఖించుట లేదు. దానికి ఒంటితనము లోటు కాదు, దేవుడు దానికిచ్చిన జీవన విధానము. మరియొకటి వచ్చినచో అదే తరుముచున్నది. ఆ బండయు, ఆ మిడతలును, ఆ ఎండయు దానికి చాలును.

మనుష్యుడు అట్లు చేయబడలేదు. పక్షులకు పేర్లు పెట్టిన ఆ అధ్యాయములోనే, నరుడు ఒంటరిగా నుండుట మంచిది కాదని దేవుడు సెలవిచ్చెను, ఆదికాండము 2:18. కీర్తనలోని భక్తుని వేదన ఇక్కడనే యున్నది. ఆయన ఆ పిట్ట ఏడ్చుచున్నదని చెప్పలేదు. దానికి తగిన బ్రతుకు తనకు తగులుకొన్నదని చెప్పుచున్నాడు. అడవిలో నుండవలసిన పక్షి అడవిలోనున్నది, పాడుచోట్ల నుండవలసినది పాడుచోట్లనున్నది, ఒంటిగా నుండవలసినది ఒంటిగానున్నది. జనుల మధ్య నుండవలసిన తాను ఆ మూటివలె అయ్యెను. ఈ అర్థమే ఆ వచనమునకు బాగుగా తగునని నా అభిప్రాయము. భర్త పోయినవారితోను, కుమారులు పట్టణములకు పోయి ఒంటిగా మిగిలిన వృద్ధులతోను, బాప్తిస్మము పొందినందున బంధువులు వాకిలి మూసినవారితోను, "పిట్టకైనను ఎవరున్నారు, ఓర్చుకొనుము" అని చెప్పుట ఈ కీర్తననుబట్టి చెల్లదు. కీర్తనకారుడు ఓర్చుకొనలేదు, మొఱపెట్టెను. ఆ మొఱ లేఖనమాయెను.

నేను ఆమెతో ఇంత చెప్పలేదు. "అమ్మా, దానిని దేవుడు అట్లే చేసినాడు, నిన్ను అట్లు చేయలేదు" అని మాత్రము అంటిని. ఆమె తల ఊపి, పిల్లలకు అన్నము పెట్టుటకు లోనికి పోయెను.

ఒక ఆక్షేపణ కలదు. 7వ వచనములో భక్తుడు నిద్రలేక మేలుకొనియుండుటయు చెప్పబడినది. నీలి బండపిట్ట పగటిపక్షి, రాత్రి నిద్రించును. కావున ఇదికూడ ఏదో గూబజాతి పక్షియే కావలెనని తలంచుటకు వీలున్నది. అయితే 6వ వచనములో గూబ వచ్చియేయున్నది, వెంటనే మరియొక గూబ ఏల? మేలుకొన్నది మనుష్యుడు, ఒంటిగానున్నది పిట్ట. రెండు మాటలను రెంటికి పంచి చదివినచో చిక్కు లేదు. సౌలు సమూయేలు ఇంట మిద్దెమీద నుండగా తెల్లవారుచుండగానే ప్రవక్త అతని పిలిచెనని 1 సమూయేలు 9లో చదువుదుము. అట్లే నిద్రపట్టని ఈ భక్తుడును రాత్రి మిద్దెమీద గడపి, వెలుగు రాగానే ఎదుటి గోడ అంచున ఆ పిట్టను చూచి యుండవచ్చును. ఇది నా ఊహ. వచనము పిట్ట జాతిని చెప్పలేదు గనుక దీనిని సిద్ధాంతముగా ఎవరును బోధింపకుడి. ట్రిస్ట్రామ్‌గారి మాట కూడ దేశమును ఎరిగినవాని అభిప్రాయమే గాని లేఖనము కాదు.

మరియొక సంగతిని పిట్టవలననే నేను గమనించితిని. ఇది శిథిలములను ప్రేమించు పక్షి. కూలిన గోడ రాళ్లలో దానికి కావలసిన సందులును, ఎత్తులును, పురుగులును దొరకును. ఈ కీర్తన 13వ వచనమునుండి చూచినచో, సీయోను పాడైయున్న కాలము కనబడుచున్నది. 14వ వచనములో దేవుని సేవకులు సీయోను రాళ్లయందు మక్కువ కలిగి, దాని మంటిమీద జాలిపడుచున్నారు. పిట్ట రాళ్లమీద కూర్చుండుట ఒకటి, మనుష్యుడు ఆ రాళ్లనుబట్టి మొఱపెట్టుట మరియొకటి. పిట్టకు ఆ గోడ కూలియున్నను సరే. భక్తునికి అది లేవవలెను. 16వ వచనములో దానిని కట్టువాడు యెహోవాయే. 17వ వచనములో దిక్కులేనివారి ప్రార్థనను ఆయన త్రోసివేయడు. 22వ వచనమునకు వచ్చుసరికి మిద్దెమీద ఒంటిగా మొదలైన కీర్తనలో జనములును రాజ్యములును కూడివచ్చుచున్నవి, ఎందుకనగా యెహోవాను సేవించుటకు. 28వ వచనములో సేవకుల పిల్లలు నిలకడగా కాపురమున్నారు. 7వ వచనమును ఒంటిగా తీసి చదువువారు ఈ కూడికను పోగొట్టుకొనుచున్నారు. శ్రమపడువారి యింట చదువునప్పుడు 11వ వచనమున ఆపకుడి, 28 వరకు చదువుడి. ఆలస్యమైనను పరవాలేదు. చివరి వచనములను హెబ్రీ పత్రిక మొదటి అధ్యాయములో క్రీస్తును గూర్చి చెప్పియుండుట చూచి, దానినికూడ చేర్చుడి.

సండేస్కూలు ఉపాధ్యాయులకు ఒక మనవి. అక్టోబరు మొదలుకొని మార్చి వరకు, ఉదయము ఎండ ఏటవాలుగా నున్నప్పుడు, పెద్ద పిల్లలను దగ్గరనున్న రాళ్లగుట్టకో పాత గోడయొద్దకో తీసికొనిపోవుడి. ఉండేళ్లు ఇంటియొద్ద విడువవలెను. సూర్యుడు మీ వీపువైపునను పిట్ట మీ యెదుటను ఉండునట్లు నిలువుడి, లేనిచో నీలము కనబడదు. ముక్కు పొడుగు, తోక పైకెత్తెనా లేదా, కడుపురంగు, దిగి మరల అదే చోటికి వచ్చెనా, రెండవ పిట్ట దగ్గరనుండెనా అను ఈ సంగతులను పిల్లలు తమంతట తామే చెప్పునట్లు అడుగుడి. ఆడపిట్టను చూచి వచ్చినవారు నీలము లేదని నిరుత్సాహపడకుందురు గాక, అడ్డచారలు చూచినచో చాలును. తేదీయు స్థలమును ఒక నోటుపుస్తకములో వ్రాయించి, వచ్చు సంవత్సరము అదే వారములలో అదే బండను మరల చూడుడి. ఏటేట అదే చోటికి వచ్చుటయు కలదు.